ఎన్నో ఘాతం? లాగ్‌లు, విలోమ ప్రమేయాలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే చోట తిరిగాయి: ఘాతాలు, సంవర్గమానాలు (లాగ్‌లు), విలోమ ప్రమేయాలు. పదో తరగతి పిల్లల నుంచి వడ్డీ లెక్క తేలని వాళ్ల దాకా రాశారు. చదివే ముందు గుర్తుల గురించి ఒక మాట. ^ తర్వాత ఉన్నది ఘాతం. లాగ్ పక్కన కింద చిన్నగా ఉన్న అంకె ఆధారం. అక్కడ అంకె లేకపోతే ఆధారం 10 అనుకోండి.

మా అబ్బాయి పదో తరగతి, తెలంగాణ సిలబస్. వాస్తవ సంఖ్యల పాఠంలో లాగ్ సూత్రాలన్నీ గడగడా అప్పజెబుతాడు. లెక్క ఇస్తే మాత్రం బిక్కమొహం వేస్తాడు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టించాలి?
— ఒక తల్లి, సిద్దిపేట

ముందు ఒక వారం సూత్రాల పేజీ మూయించండి. లాగ్ అన్నది ఒక ప్రశ్న, అంతే. లాగ్₂ 32 కనబడగానే బాబు నోటితో "2కి ఎన్నో ఘాతం వేస్తే 32 అవుతుంది?" అని చదవాలి. జవాబు 5. "2ని ఎన్నిసార్లు గుణిస్తే" అని నేర్పకండి. జవాబు భిన్నమో రుణసంఖ్యో వచ్చినప్పుడు ఆ మాట పనిచేయదు, పిల్లాడు అక్కడే ఆగిపోతాడు.

మొదటి రెండు రోజులు పూర్ణసంఖ్యలు వచ్చేవే ఇవ్వండి: లాగ్₃ 81, లాగ్₅ 125, లాగ్ 1000. మూడో రోజు లాగ్₂ (1/8) = −3, లాగ్₇ 1 = 0 లాంటివి. ఆ తర్వాత అసలు పరీక్ష లాగ్₈ 4. పదిమందిలో ఆరుగురు దీనికి 1/2 అంటారు, ఎందుకంటే 8లో సగం 4 కదా! కాగితం మీద ఇలా వేయించండి: 8 = 2³, 4 = 2². మనకు కావలసిన ఘాతం క అనుకుంటే (2³)^క = 2². అంటే 3క = 2, క = 2/3. ఇదే పద్ధతిలో లాగ్₄ 32 (5/2), లాగ్₉ 27 (3/2), √2 ఆధారంగా 8కి లాగ్ (6). రోజుకు పన్నెండు చాలు. అందులో ఎనిమిది నోటితో, నాలుగు కాగితం మీద.

అప్పుడు సూత్రాల దగ్గరికి రండి. 8 × 32 = 2³ × 2⁵ = 2⁸. లాగ్‌లు 3, 5, 8. గుణకారం కింద ఉంటే ఘాతాల్లో కూడిక జరిగింది. లబ్ధం సూత్రం ఇదే, విడిగా బట్టీ పట్టేది ఏమీ లేదు. ఇక కూడికకు లాగ్ సూత్రం లేదని ఒక్క ఉదాహరణతో తేల్చేయండి: లాగ్₂ (8 + 8) = లాగ్₂ 16 = 4. విడదీస్తే లాగ్₂ 8 + లాగ్₂ 8 = 6. రెండూ ఒకటి కావు. సూత్రం మీద అనుమానం వచ్చినప్పుడల్లా ఇలా చిన్న అంకెలు వేసి చూసే అలవాటు చేస్తే, వంద లెక్కల కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

లాగ్₂ ఎక్స్ + లాగ్₂ (ఎక్స్ − 2) = 3 సాధిస్తే నాకు 4, −2 వచ్చాయి. కీలో 4 మాత్రమే ఉంది. నా స్టెప్పుల్లో తప్పు లేదు. మరి తప్పుడు మూలం ఎక్కణ్నుంచి వచ్చింది?
— ఇంటర్ విద్యార్థి, నంద్యాల

స్టెప్పుల్లో నిజంగానే తప్పు లేదు. రెండు లాగ్‌లను కలిపి లాగ్₂ [ఎక్స్ (ఎక్స్ − 2)] = 3 అని రాశారు చూడండి, సమీకరణం అక్కడ మారిపోయింది. మొదటి సమీకరణానికి అర్థం ఉండాలంటే ఎక్స్ > 0, ఎక్స్ − 2 > 0 రెండూ కావాలి, అంటే ఎక్స్ > 2. కలిపాక మాత్రం లబ్ధం ఒక్కటే ధనాత్మకం అయితే సరిపోతుంది. రెండు రుణసంఖ్యల లబ్ధం కూడా ధనాత్మకమే కాబట్టి ఎక్స్ < 0 అయినా ఆ రాత చెల్లుతుంది. తలుపు వెడల్పు చేశాం, −2 లోపలికి వచ్చేసింది. ఎక్స్² − 2ఎక్స్ − 8 = 0 కి ఆ విషయం తెలియదు.

అందుకే మొదటి గీత గీయకముందే మార్జిన్‌లో షరతు రాసుకోండి: "ఎక్స్ > 2". చివర్లో వచ్చిన మూలాలను దానితో పోల్చండి.

ఇందులోంచి చాలామంది "రుణ మూలం వస్తే కొట్టేయాలి" అని ఒక తప్పుడు పాఠం నేర్చుకుంటారు. ఇది చూడండి: లాగ్₂ (1 − ఎక్స్) + లాగ్₂ (−ఎక్స్ − 1) = 3. లబ్ధం ఎక్స్² − 1 = 8, ఎక్స్ = 3 లేదా −3. షరతులు ఎక్స్ < 1, ఎక్స్ < −1. అంటే ఇక్కడ నిలిచేది −3, పోయేది 3. సరిచూస్తే లాగ్₂ 4 + లాగ్₂ 2 = 2 + 1 = 3. కొట్టేయాల్సింది ఎక్స్ రుణమైనప్పుడు కాదు, లాగ్ లోపలున్నది ధనం కానప్పుడు.

దీనికి తిరగబడ్డ ప్రమాదం ఇంకొకటి ఉంది. లాగ్ (ఎక్స్²) = 4 అని ఇచ్చారనుకోండి. 2 లాగ్ ఎక్స్ = 4 అని రాయగానే ఎక్స్ = 100 ఒక్కటే వస్తుంది. కానీ −100 కూడా అసలు సమీకరణాన్ని తృప్తి పరుస్తుంది, ఎందుకంటే దాని వర్గం 10,000, దానికి లాగ్ 4. ఘాతాన్ని ముందుకు లాగినప్పుడు సరైన రూపం 2 లాగ్ |ఎక్స్|. లాగ్‌లు కలిపితే దొంగ మూలం దూరుతుంది, విడదీస్తే అసలు మూలం జారిపోతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం. దొంగ మూలాన్ని సరిచూసి పట్టుకోవచ్చు, జారిపోయినదాన్ని సరిచూసినా పట్టుకోలేం.

2^ఎక్స్ + 2^ఎక్స్ = 4^ఎక్స్ అవుతుందా? అలాగే 9^ఎక్స్ − 2·3^ఎక్స్ − 3 = 0 కి రెండు వైపులా లాగ్ తీసుకోవచ్చా?
— పాలిటెక్నిక్ విద్యార్థిని, కాకినాడ

కాదు. ఒకే వస్తువు రెండున్నాయి, అంటే 2 × 2^ఎక్స్ = 2^(ఎక్స్ + 1). ఎక్స్ = 3 వేస్తే 8 + 8 = 16, అదే 4³ = 64. రెంటికీ పొంతన లేదు.

రెండో లెక్కలో ఎడమవైపు కూడికలు, తీసివేతలు ఉన్నాయి. లాగ్ వాటి లోపలికి వెళ్లదు. పైగా కుడివైపు సున్నా, దానికి లాగే లేదు. 9^ఎక్స్ అంటే (3^ఎక్స్)² అని గుర్తిస్తే దారి దొరుకుతుంది. 3^ఎక్స్ = ట అనుకోండి: ట² − 2ట − 3 = 0, ట = 3 లేదా −1. 3కి ఏ ఘాతం వేసినా రుణసంఖ్య రాదు కాబట్టి −1 పోతుంది. 3^ఎక్స్ = 3, ఎక్స్ = 1. ట = 3 దగ్గరే ఆగిపోయి జవాబు 3 అని రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ప్రశ్న ఎక్స్ అడిగింది, ట కాదు.

మేము డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయి ఆల్జీబ్రా 2 హోంవర్క్‌లో లాగ్ అంటే ఆధారం 10 అంటోంది. నేను ఇంటర్‌లో కలన గణితం చదివినప్పుడు లాగ్ అంటే ఆధారం 'ఇ' అని గుర్తు. ఇద్దరిలో ఎవరిది రైటు?
— ఒక తండ్రి

ఇద్దరిదీ. ఆధారం రాయనప్పుడు ఏది అనుకోవాలన్నది గణిత నియమం కాదు, ఆ పుస్తకం వాడుక. అమెరికా హైస్కూలు పుస్తకాల్లో ఉత్త లాగ్ అంటే 10. 'ఇ' (2.718...) ఆధారమైతే దానికి ఎల్ఎన్ అని వేరే గుర్తు. మన పదో తరగతిలో 10, ఇంటర్ కలన గణితంలోకి రాగానే చెప్పకుండానే 'ఇ' అయిపోతుంది. కంప్యూటర్ దగ్గర ఇంకా తికమక: పైథాన్‌లో మ్యాథ్ లైబ్రరీలోని లాగ్ అంటే 'ఇ' ఆధారం, ఎక్సెల్‌లో లాగ్ అంటే 10, 'ఇ' కావాలంటే ఎల్ఎన్.

ఏది వాడుతున్నారో తెలుసుకోవడానికి ఐదు సెకన్లు చాలు. 100కి లాగ్ అడగండి. 2 వస్తే ఆధారం 10, 4.605 వస్తే 'ఇ'. రెంటి మధ్య ఎప్పుడూ 2.3026 రెట్లే తేడా. అందువల్ల లాగ్ 8 / లాగ్ 2 లాంటి నిష్పత్తుల్లో ఏ ఆధారం వాడినా జవాబు 3 మాత్రమే. నిష్పత్తి లేని చోటే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

10 ఆధారం కూడా పుట్టుకతో వచ్చింది కాదు. 1614లో జాన్ నేపియర్ అచ్చువేసిన పట్టికల్లో అది లేదు. హెన్రీ బ్రిగ్స్ 1617లో 10 ఆధారంగా మొదటి వెయ్యి సంఖ్యల లాగ్‌లు ప్రచురించాడు.

వై = 2^(ఎక్స్ − 1) + 3 కి విలోమం లాగ్₂ ఎక్స్ − 3 + 1 అని రాశాను, సున్నా వేశారు. మా ఫ్రెండ్ 1 కింద ప్రమేయం అంతా పెట్టాడు, వాడికీ సున్నానే.
— ఇంటర్ మొదటి సంవత్సరం, కరీంనగర్

ముందు మీ ఫ్రెండ్ సంగతి. ప్రమేయం గుర్తు నెత్తిన ఉండే −1 ఘాతం కాదు, "వెనక్కి తిప్పు" అనే గుర్తు. 5కి −1 ఘాతం 1/5 కానీ, ప్రమేయానికి అది విలోమం. రెండు పనులకు ఒకే గుర్తు పెట్టడం మంచి పని కాదు, కానీ ఇప్పుడు మార్చలేం.

ఇక మీది. కిరాణా కొట్లో పొట్లం కట్టేటప్పుడు ముందు కాగితం, ఆపైన దారం. విప్పేటప్పుడు ముందు దారం, తర్వాత కాగితం. ఇక్కడ ఎక్స్‌కి జరిగినవి వరసగా: 1 తీసేశారు, 2కి ఘాతంగా ఎక్కించారు, 3 కలిపారు. వెనక్కి రావాలంటే చివరిది ముందు విప్పాలి: 3 తీసేయండి, లాగ్₂ తీసుకోండి, 1 కలపండి. అంటే లాగ్₂ (ఎక్స్ − 3) + 1. మీరు లాగ్ ముందు తీసి ఆ తర్వాత 3 తీసేశారు. దారం విప్పకుండా కాగితం లాగినట్టన్నమాట.

సరిచూడ్డానికి ఒక్క అంకె చాలు. ఎక్స్ = 3 వేస్తే వై = 2² + 3 = 7. విలోమంలో 7 వేస్తే లాగ్₂ 4 + 1 = 3. తిరిగి మొదటికే వచ్చింది. మీ జవాబులో 7 వేస్తే లాగ్₂ 7 − 2, అంటే దాదాపు 0.81. పరీక్షలో ఈ పరిశీలనకు అర నిమిషం కూడా పట్టదు. ఎక్స్ = 1 లాంటిది వేయకండి, 0, 1 వేస్తే తప్పు జవాబు కూడా ఒక్కోసారి సరిపోయినట్టు కనిపిస్తుంది.

ప్రదేశం (ఎక్స్ తీసుకోగల విలువలు) కూడా రాయాలి: ఎక్స్ > 3. దీన్ని కొత్తగా కనుక్కోనక్కర్లేదు, అసలు ప్రమేయం వ్యాప్తే (అది ఇచ్చే విలువలే) విలోమానికి ప్రదేశం. 2^(ఎక్స్ − 1) ఎప్పుడూ ధనమే కాబట్టి వై ఎప్పుడూ 3 కన్నా ఎక్కువే.

ఎక్స్² − 4ఎక్స్ + 7 కి విలోమం ఉందా, లేదా? ఒక గైడులో ఉందని, ఇంకో గైడులో లేదని ఉంది.
— డీఎస్సీ అభ్యర్థి, శ్రీకాకుళం

ప్రదేశం చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. గైడులు విడిపోయింది అక్కడే అయి ఉంటుంది. వర్గం పూర్తి చేస్తే (ఎక్స్ − 2)² + 3. వాస్తవ సంఖ్యలన్నిటి మీదా తీసుకుంటే 1 దగ్గరా 3 దగ్గరా విలువ 4 వస్తుంది. 4 నుంచి వెనక్కి ఎటు పోవాలి? అన్వేకం (వేర్వేరు ఎక్స్‌లకు వేర్వేరు విలువలు ఇచ్చేది) కాదు కాబట్టి విలోమం లేదు.

ప్రదేశాన్ని ఎక్స్ ≥ 2 కి, సహప్రదేశాన్ని (విలువలు పడే సమితిని) 3 నుంచి పైకి కత్తిరిస్తే ద్విగుణ ప్రమేయం అవుతుంది, అంటే ప్రతి విలువకూ సరిగ్గా ఒక ఎక్స్ ఉంటుంది, విలోమం 2 + √(ఎక్స్ − 3). ఎడమ సగం, అంటే ఎక్స్ ≤ 2 ఉంచుకుంటే 2 − √(ఎక్స్ − 3). ± పెట్టి వదిలేస్తే అది ప్రమేయమే కాదు. ఏ సగం ఉంచుకున్నారో అదే గుర్తును తేలుస్తుంది.

పనిలో పని, (2ఎక్స్ + 3)/(ఎక్స్ − 2) కి విలోమం కట్టి చూడండి. మళ్లీ అదే వస్తుంది. మీ లెక్క తప్పు కాదు. లవంలో ఎక్స్ గుణకం 2, హారంలో స్థిరపదం −2. ఇవి రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం అయినప్పుడల్లా అలాగే అవుతుంది.

మా ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి లక్ష ఇచ్చాం. రెట్టింపు కావడానికి ఒకరు 50 నెలలంటారు, ఒకరు మూడేళ్లు దాటగానే అంటారు, మా మేనల్లుడు 35 నెలలే అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక గృహిణి, తెనాలి

ముగ్గురూ మూడు వేర్వేరు ఒప్పందాల గురించి మాట్లాడుతున్నారండీ. మీ కాగితంలో ఏముందో చూసుకోండి.

నూటికి నెలకు రెండు రూపాయలు, బారువడ్డీ అయితే నెలకు 2,000. లక్ష కావడానికి 50 నెలలు. ఇక్కడ లాగ్‌తో పని లేదు.

నెలనెలా వడ్డీని అసలులో కలిపే చక్రవడ్డీ అయితే ప్రతి నెలా 1.02 రెట్లు. ఎన్ని నెలలకు 2 రెట్లు? 1.02^ఎన్ = 2. తెలియనిది ఘాతంలో కూర్చుంది కాబట్టి లాగ్‌తో కిందికి దించాలి: ఎన్ = లాగ్ 2 / లాగ్ 1.02 = 0.30103 / 0.0086 = 35. మీ మేనల్లుడి లెక్క ఇదే. 35 నెలలకు మీ లక్ష 1,99,989 రూపాయలు అవుతుంది, పదకొండు రూపాయలు తక్కువ రెండు లక్షలు.

ఊళ్లలో ఎక్కువగా జరిగేది మూడోది. నెలవారీ వడ్డీ లెక్కగట్టి, ఏడాది తిరిగాక కాగితం తిరగరాసేటప్పుడు అసలులో కలుపుతారు. ఏడాదికి 1.24 రెట్లు. మొదటి ఏడాది చివర 1,24,000, రెండో ఏడాది చివర 1,53,760, మూడో ఏడాది చివర 1,90,662. ఇంకా కావలసింది 9,338. నాలుగో ఏడాదిలో నెల వడ్డీ 3,813. సుమారు రెండున్నర నెలలు. మొత్తం 38 నెలల పదిహేను రోజులకు కాస్త అటూ ఇటూ. లాగ్ 2 / లాగ్ 1.24 వేస్తే 3.222 ఏళ్లు వస్తుంది, అంటే 38.67 నెలలు. వారం లోపు తేడా ఎందుకంటే, సూత్రం ఏడాది మధ్యలో కూడా అదే వంపుతో పెరుగుతుందనుకుంటుంది. మీ కాగితం మీద మాత్రం ఏడాది లోపల బారువడ్డీ, అది తిన్నటి గీత.

మేనల్లుడికి రెండు హెచ్చరికలు. లాగ్ 2 / లాగ్ 1.02 వేరు, లాగ్ (2 / 1.02) వేరు. రెండోది తీసివేత అవుతుంది, దాన్ని వేస్తే 0.29 వస్తుంది. ఇంకోటి, నాలుగు స్థానాల పట్టికలో లాగ్ 1.01 = 0.0043 అని రెండంకెలే మిగులుతాయి. రూపాయి వడ్డీకి దాంతో భాగిస్తే 70 నెలలు వస్తుంది, నిజానికి 69.66. చిన్న వడ్డీలకు ఆరేడు స్థానాల విలువ తీసుకోవాలి. ఏమీ లేకుండా నోటిలెక్క కావాలంటే 72ని వడ్డీరేటుతో భాగించండి: రెండు రూపాయలకు 36, రూపాయికి 72. బేరం మాట్లాడేటప్పుడు అది చాలు.

1/2 ఆధారంగా (ఎక్స్ − 1) కి లాగ్ 2 కన్నా ఎక్కువ అన్నారు. ఎక్స్ > 5/4 అని రాస్తే తప్పన్నారు.
— ఇంటర్ విద్యార్థిని, అనంతపురం

ఆధారం 1 కన్నా తక్కువైతే ప్రమేయం దిగుతూ పోతుంది, లాగ్ పెరగాలంటే లోపలి సంఖ్య తగ్గాలి. కాబట్టి గుర్తు తిరగబడుతుంది: ఎక్స్ − 1 < 1/4. దానికి ఎక్స్ − 1 > 0 కలపండి. జవాబు 1 < ఎక్స్ < 5/4. గుర్తు తిప్పడం గుర్తున్నవాళ్లు కూడా ఈ రెండో షరతు దగ్గర మార్కు పోగొట్టుకుంటారు.

ప్రమేయం, దాని విలోమం వై = ఎక్స్ రేఖ మీదే ఖండించుకుంటాయని పిల్లలకు చెబుతున్నాను. ఒక అబ్బాయి కాదన్నాడు. నేను చెప్పింది సరైనదేనా?
— గణితం టీచర్, ఖమ్మం

పెరిగే ప్రమేయాలకు సరైనదే, తగ్గేవాటికి కాదు. ఆ అబ్బాయిని మెచ్చుకోండి. వై = (1/16)^ఎక్స్ తీసుకోండి. ఎక్స్ = 1/2 వేస్తే 1/4. ఎక్స్ = 1/4 వేస్తే 1/2. అంటే (1/2, 1/4), (1/4, 1/2) రెండూ వక్రం మీదున్నాయి. విలోమం అంటే ఎక్స్, వైలను తారుమారు చేయడమే కాబట్టి ఇవే రెండు బిందువులు విలోమం మీద కూడా ఉంటాయి. రెండూ వై = ఎక్స్ బయటే. రేఖ మీద 0.364 దగ్గర మరో ఖండన బిందువు ఉంది, మొత్తం మూడు.

క్లాసులో గీయించాలంటే గ్రాఫు కాగితం మీద 0 నుంచి 1 వరకు 16 సెంటీమీటర్లు తీసుకోండి. చిన్న స్కేలు పెడితే రెండు వక్రాలూ ఆ ముక్కలో అతుక్కుపోయి ఒకే గీతలా కనిపిస్తాయి. అయితే మొదటి రోజే ఇది చూపించకండి. ముందు 2^ఎక్స్‌కి −2 నుంచి 3 వరకు ఆరు బిందువులు (1/4, 1/2, 1, 2, 4, 8) గుర్తించి, అంకెలు తారుమారు చేసి లాగ్₂ గీయించండి. రెండు అక్షాలకూ ఒకే స్కేలు ఉండాలి, లేకపోతే ప్రతిబింబం ప్రతిబింబంలా కనిపించదు. పిల్లలు గ్రాఫు చూసి సందేహపడటానికి ఎక్కువసార్లు కారణం అదే.

క్యాలిక్యులేటర్ లేకుండా 2^100 లో ఎన్ని అంకెలో చెప్పొచ్చా? అలాగే 0.05కి లాగ్ పట్టికలో బార్ 2 .6990, ఫోన్‌లో −1.3010. ఏది సరి?
— డిగ్రీ విద్యార్థి, రాజమండ్రి

100 × 0.30103 = 30.103. పూర్ణభాగానికి 1 కలిపితే 31 అంకెలు. మిగిలిన 0.103 మొదటి అంకె చెబుతుంది: లాగ్ 1 = 0, లాగ్ 2 = 0.301, మధ్యలో ఉంది కాబట్టి మొదటి అంకె 1. నిజానికి ఆ సంఖ్య 1267650600228229401496703205376. ఇక్కడ 0.3010 వేసినా ఇబ్బంది లేదు. కానీ 2^10000 కి వేస్తే పొరపాటు పదివేల రెట్లు పెరుగుతుంది: 3010.0 వస్తుంది, నిజం 3010.3. సంఖ్య 1.000తో మొదలవుతుందని అనిపిస్తుంది కానీ అసలు 1.995తో మొదలవుతుంది.

రెండోదానికి, రెండూ సరే. బార్ 2 .6990 అంటే −2 + 0.6990, కూడితే −1.3010. పట్టికలో మాంటిస్సా (దశాంశ భాగం) ఎప్పుడూ ధనంగానే ఉంటుంది, బార్ క్యారెక్టరిస్టిక్ (పూర్ణభాగం) మీదే. ప్రాక్టికల్స్‌లో దెబ్బతినేది వెనక్కి వచ్చేటప్పుడు: −1.3010 చూసి యాంటీలాగ్ పట్టికలో .3010 వెతికితే 2 దొరుకుతుంది, జవాబు 0.2 అని రాసేస్తారు. ముందు దాన్ని −2 + 0.6990గా మార్చి, .6990 వెతకాలి. అప్పుడు 5, బార్ 2 కాబట్టి 0.05. వర్గమూలానికి సగం చేసేటప్పుడూ ఇదే జాగ్రత్త: బార్ 3 .4 ని 2తో భాగించాలంటే ముందు బార్ 4 + 1.4 గా రాసుకోండి, సగం బార్ 2 .7.

2024 డిసెంబరు 4న ములుగు భూకంపం 5.3 అన్నారు. 1969లో భద్రాచలం దగ్గర వచ్చింది 5.7. తేడా 0.4 మాత్రమే కదా?
— తొమ్మిదో తరగతి విద్యార్థి, కొత్తగూడెం

ఈ అంకెలు లాగ్‌లు కాబట్టి తీసివేతను నిష్పత్తిగా చదవాలి. రెండింటినీ ఒకే కొలమానం మీద కొలిచినట్టు అనుకుంటే, కంపన పరిమితి (నేల ఎంత ఊగిందన్నది) 10^0.4, అంటే రెండున్నర రెట్లు. శక్తి లెక్కలో తేడాను 1.5తో గుణించాలి: 0.4 × 1.5 = 0.6. లాగ్ 4 = 0.602 కాబట్టి శక్తి దాదాపు నాలుగు రెట్లు. శక్తి రెట్టింపు కావడానికి అంకె ఎంత పెరగాలో నువ్వే కట్టుకో: 0.301ని 1.5తో భాగిస్తే సుమారు 0.2.

హైపర్బోలిక్ సైన్ విలోమం లాగ్‌గా ఎలా మారింది? ± లో + మాత్రమే ఎందుకు ఉంచారు?
— ఇంటర్ మొదటి సంవత్సరం, వరంగల్

వై = (ఇ^ఎక్స్ − ఇ^(−ఎక్స్))/2 లో ఇ^ఎక్స్ = ట అనుకోండి. ట − 1/ట = 2వై, అంటే ట² − 2వై ట − 1 = 0. ట = వై ± √(వై² + 1). ఆ వర్గమూలం వై పరిమాణం కన్నా ఎప్పుడూ పెద్దది, కాబట్టి − పెడితే ట రుణం అవుతుంది. ఇ^ఎక్స్ రుణం కాదు. అందుకే + ఒక్కటే, ఎక్స్ = ఇ ఆధారంగా (వై + √(వై² + 1)) కి లాగ్.

హైపర్బోలిక్ కొసైన్‌కి ఈ కారణం పనిచేయదు, చాలామంది ఇదే మాట అక్కడా రాసేస్తారు. అక్కడ ట = వై ± √(వై² − 1), రెండూ ధనమే, వాటి లబ్ధం 1. అంటే ఎక్స్ విలువలు ఒకదానికొకటి రుణాలు. ఎక్స్ ≥ 0 అని ప్రదేశాన్ని ముందే కత్తిరించుకున్నాం కాబట్టి + నిలిచింది.

సైన్ సూత్రాన్ని 3/4 తో సరిచూడండి: √(9/16 + 1) = 5/4, మొత్తం 2. ఎక్స్ అంటే ఇ ఆధారంగా 2కి లాగ్. వెనక్కి వేస్తే (2 − 1/2)/2 = 3/4.